పరుగెత్తే అమ్మాయి నడుము

ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు పట్టుబడింది మనవరాలు బడికి పోవడం మొదలుపెట్టాక. దాని పలక మీదే నేనూ దిద్దుకున్నాను. అందుకని ఒత్తులు ఒకచోట తక్కువా, ఇంకోచోట ఎక్కువా పడి ఉంటాయి. రాయడం కూడా నత్తనడకే. చదివేవాళ్ళు కాస్త సర్దుకుపోవాలి. ఈ కథలో వదిన నాకు తెలిసిన మనిషే. రాసిందంతా ఆమెకి చదివి వినిపించాను. ఒకచోట నడుము కొలత అంకెల్లో వేస్తే కొట్టెయ్యమంది, కొట్టేశాను. మిగతాదంతా ఉండనిచ్చింది.

వదిన అంటే ఆ వీధి మొత్తానికి వదినే. పాలవాడికీ వదినే, పాలవాడి తండ్రికీ వదినే. ఆమె భర్త శిల్పి. శిల్పి అనగానే కొండంత విగ్రహాలు చెక్కి శాలువాలు కప్పించుకునే రకం అనుకోకండి. కంచులో బొమ్మలు పోసే మనిషి. తలుపులకు పిడులు, కంపెనీల మెట్ల పక్కన నిలబెట్టే సింహాలు, తోటల్లో నీళ్ళు చిమ్మే చేపలు, ఎవరేది అడిగితే అది పోసిపెడతాడు. మాట బహు తక్కువ. ఏమడిగినా 'ఊ' అంటాడు. పొట్టిగా అంటే ఔనని, సాగదీస్తే కాదని అర్థం. పెళ్ళయిన కొత్తలో ఈ రెండింటికీ తేడా తెలియక వదిన నానా అవస్థా పడింది. ఇద్దరి వాటా మాటలూ తనే మాట్లాడటం అలవాటు చేసుకున్నాక సంసారం గాడిన పడింది.

అతను చేసిన వాటిలో ఊరందరికీ తెలిసింది ఒక్కటే. పరుగుపందేల సంఘం ఏటా ఇచ్చే బహుమతి బొమ్మ. మూరెడు ఎత్తు కంచు అమ్మాయి. ఒక కాలి మునివేళ్ళ మీద ఆని, ఇంకో కాలు వెనక్కి లేపి, జుట్టు గాలికి వదిలేసి ముందుకు దూసుకుపోతూ ఉంటుంది. ఏడాదికి ఒక్కటే పోస్తారు. ఆ ఏడు అందరినీ మించి పరుగెత్తిన వాళ్ళకు ఇస్తారు.

ఆ అమ్మాయి వదినే. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ ఎక్కడికో బయలుదేరారు. శిల్పి బస్సెక్కేశాడు. వదిన ఎక్కేలోపల బస్సు కదిలిపోయింది. ఆమె చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, బస్సు వెనకాల లేడిలా పరుగు లంకించుకుంది. చెయ్యి అందించాల్సిన మొగుడు కిటికీకి అతుక్కుపోయి ఆ పరుగు చూస్తూ కూర్చున్నాడు. చివరికి బస్సు ఆపించింది కండక్టరు. ఆ సాయంత్రమే శిల్పి మట్టి పిసకడం మొదలుపెట్టాడు. బొమ్మ చూసి సంఘంవాళ్ళు తెగ మెచ్చుకున్నారు కానీ, చేతిలో చెప్పులేమిటని మొహం చిట్లించారు. అతను చెప్పుల్ని నున్నగా చుట్టి కర్రలా చేసి ఇచ్చాడు. అది రిలే పందెం కర్ర అని లోకమంతా అనుకుంటుంది.

వదిన ఈ సంగతి ఏనాడూ దాచుకోలేదు. బహుమతి ఇచ్చిన మర్నాడు పేపర్లో ఫోటో పడగానే కత్తిరించి, ఎదురింటి దర్జీ ఆవిడ దగ్గర్నుంచి మొదలుపెట్టి వీధి చివరి మందుల షాపు దాకా చూపించి వచ్చేది.

"ఇది నేనే."

"ముక్కు చూస్తే తెలియడం లేదూ వదినా," అనేవాళ్ళు అందరూ. పేపర్లో ఫోటో బొటనవేలంత ఉండేది. అందులో ముక్కు కనబడేది కాదు, అయినా ఆమె మాట తీసెయ్యలేక అనేవాళ్ళు.

బొమ్మ ఎలా పోస్తారో నాలుగు ముక్కలు చెప్పకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. మొదటి మట్టిబొమ్మ ఎప్పుడో విరిగిపోయింది. అందుకని శిల్పి ఏటా కంచుబొమ్మ సంఘానికి ఇచ్చేముందు, దాని మీద రబ్బరుతో అచ్చు తీసి అటక మీద పెట్టుకుంటాడు. మరుసటి ఏడు ఆ అచ్చులో మైనం పోస్తాడు. అటక మీద ఏడాదిపాటు పడున్న రబ్బరు కదా, ఒకచోట వంగుతుంది, ఇంకోచోట నొక్కుకుపోతుంది. మైనం బొమ్మ అతుకుల గీతలతో, చప్పిడి ముక్కుతో బయటికొస్తుంది. దాన్ని సన్నటి ఇనపపుల్ల వేడిచేసి, కరిగిస్తూ, అంటిస్తూ సరిచెయ్యాలి. ఆ మైనానికి చుట్టూ మట్టి మెత్తి బట్టీలో కాలిస్తే మైనం కారిపోయి లోపల బొమ్మ ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో కరిగిన కంచు పోస్తారు.

మైనం సరిచేసే పనికి రెండు పుల్లలు కావాలి. ఒకటి చేతిలో ఉంటే, రెండోది దీపం మీద కాగుతుండాలి. గాలి తగిలితే మైనం బిగుసుకుపోతుంది కాబట్టి తలుపులు మూసి, ఫ్యాను ఆపి కూర్చోవాలి. కాగిన పుల్ల అందించి చల్లారిన పుల్ల పుచ్చుకోవడానికి ఎదురుగా ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి వదిన. గోడకు చేరగిలబడి, కాళ్ళు బారజాపి, ఏడాది కబుర్లన్నీ ఆ వారంలోనే చెప్పేది. అతను పుల్ల కోసం తలెత్తేవాడు, ఆమెను చూసేవాడు, తల దించి మైనం దిద్దేవాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే వరస. వాళ్ళ పిల్లలిద్దరూ పెరిగి ఉద్యోగాల్లో పడ్డా ఈ పని మాత్రం మారలేదు.

ఇక పళ్ళ డాక్టరు. ఈయనకి ఆ బొమ్మల పిచ్చి. ఒక పరుగువీరుడు తన దవడపన్ను నొప్పి తెలియకుండా పీకినందుకు సంతోషపడి తనకొచ్చిన బొమ్మను తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి పోయాడట. అప్పట్నుంచీ ఆయన మిగతావాటి కోసం వేట మొదలుపెట్టాడు. బహుమతి వచ్చినవాళ్ళు ఎక్కడ కనిపించినా రెండే అడుగుతాడు, నోరు తెరవమంటాడు, బొమ్మ ఏం చేశావంటాడు. ఇచ్చినవాళ్ళ దగ్గర తీసుకున్నాడు, ఇవ్వనివాళ్ళ గుమ్మం అరగదీశాడు. ఆఖరికి మొదటి ఏటి నుంచి పోయిన ఏటి దాకా ఒక్కటి తప్పకుండా సంపాదించాడు. ఈసారి బహుమతుల సభలో వాటన్నిటినీ హాల్లో వరసగా పెట్టి చూపిద్దామని సంఘంవాళ్ళూ ఆయనా కలిసి నిర్ణయించుకున్నారు. ముందుగా శిల్పికి చూపించాలని ఆయన ముచ్చటపడి దంపతులిద్దరినీ ఇంటికి పిలిచాడు.

వదిన మంచి చీర కట్టుకుని వెళ్ళింది. తన బొమ్మలన్నీ ఒకేచోట చూడటం ఆమెకూ ఇదే మొదలు. అంతకుముందు ఏ ఏటి బొమ్మ ఆ ఏడు వెళ్ళిపోవడమే.

డాక్టరు ముందుగదిలో గోడ పొడుగునా అద్దాల బీరువా ఉంది. లోపల దీపాలు. ఎడమ చివర నుంచి కుడి చివర దాకా కంచు అమ్మాయిలు ఒకరి వెనక ఒకరు పరుగెత్తుతున్నారు. వదిన ఎడమ చివర నిలబడి మొదటి బొమ్మను చూసి మురిసిపోయింది. సన్నటి నడుము, కొరడాలాంటి చేతులు. రెండోది చూసింది, మూడోది చూసింది. అలా చూసుకుంటూ నడిచింది. సగం బీరువా దాటాక ఆమె నడక మందగించింది. బొమ్మ నడక అంతకంటే ముందే మందగించింది.

"గమనించారా అమ్మా?" అన్నాడు డాక్టరు, చేతులు నులుముకుంటూ. "ఏ రెండూ ఒకేలా ఉండవు. అదే వీటి ప్రత్యేకత. ఎక్కడెక్కడి వాళ్ళో ఫోన్లు చేసి ఒక్కటివ్వమని ప్రాణం తీస్తున్నారు. ఇదుగో, ఇక్కడ గడ్డం కింద ఇంకో గడ్డం మొదలైంది. ఇక్కడికొచ్చేసరికి భుజాలు ఎంత నిండుగా ఉన్నాయో చూడండి. ఇక ఈ నడుము..."

"చూశాను," అంది వదిన.

"ఇది పోయిన ఏటిది. పరుగెడుతున్నట్టే ఉంటుంది, కానీ ఎవరైనా కుర్చీ వేస్తే కూర్చుంటాననేలా ఉంటుంది. ఆ నిదానం ఉంది చూశారూ, అది మామూలు చేతికి రాదు."

శిల్పి బీరువా అద్దానికి ముక్కు ఆనించి నిలబడిపోయాడు.

"ఇంకో విచిత్రం," అన్నాడు డాక్టరు. "ఎత్తు కూడా తగ్గుతూ వచ్చింది. స్కేలు పెట్టి కొలిచాను. మొదటిదానికీ దీనికీ నాలుగు వేళ్ళ తేడా."

శిల్పి అప్పుడు నోరు విప్పాడు. "అది కంచు గుణం. చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. పోసినదాని మీద అచ్చు తీసి మళ్ళీ పోస్తే ఇంకాస్త తగ్గుతుంది. ఏటా అంతే."

అతను అన్ని మాటలు ఒకేసారి మాట్లాడగా వదిన అంతకుముందు వినలేదు.

"నిలువునా కుంచించుకుపోయిన కంచు అడ్డంగా ఎందుకు సాగిందండీ?" అంది.

అతను "ఊ" అన్నాడు. అది పొట్టిదీ కాదు, సాగదీసిందీ కాదు.

ఇంటికొచ్చేదాకా వదిన పెదవి విప్పలేదు. ఆమె మాట్లాడకపోవడం శిల్పికి కొత్త. దారిపొడుగునా ఒళ్ళు బాగాలేదేమోనని పక్కకు చూస్తూనే ఉన్నాడు. తాళం తీసి లోపలికి రాగానే ఆమె అడిగింది.

"ఎన్నేళ్ళ నుంచి నవ్వుకుంటున్నారు?"

"ఎవర్ని చూసి?"

"ఇంకెవర్ని? నేను పిచ్చిదానిలా ఎదురుగా కూర్చుని పుల్లలందిస్తూ కబుర్లు చెబుతుంటే, మీరు ఊ కొడుతూ నా నడుముకి మైనం పూస్తున్నారన్నమాట."

"నేనేం పూయలేదు. అచ్చులో చెడింది సరిచేశానంతే."

"చెడింది ఎవరు?"

"అది కాదు. ఉన్నది ఉన్నట్టు..."

"ఆఁ. చెప్పండి. ఉన్నది ఎలా ఉంది?"

శిల్పి తను పైకి రాలేని గోతిలో దిగానని గ్రహించి, చెప్పులు విడవడానికన్నట్టు కిందికి వంగాడు.

తను లావయ్యానని వదినకి తెలియక కాదు. ఇంట్లో అద్దముంది, ఎదురింట్లో దర్జీ ఆవిడ టేపు ఉంది. ఆమెను కోసింది వేరే సంగతి. ఆ మూసిన గదిలో, ఆ వెచ్చటి దీపం దగ్గర, ఏడాదికోసారి ఇద్దరూ అంత దగ్గరగా కూర్చునే వారం తన సొంతమనుకుంది. ఆ వారంలోనే ఆయన తన ఒంటిని కొలిచి, ఎగతాళిగా కంచులో పోసి, ఊరి మీదికి వదిలాడు. ఒక్కసారి కాదు, ఏటా. ఇప్పుడా బొమ్మలు వరసగా హాల్లో నిలబడతాయి. 'ఇది నేనే' అని వీధి వీధంతా చాటింది తనే. ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుస్తుంది.

"నాకు తెలీదే," అన్నాడు శిల్పి ఆ సాయంత్రం మళ్ళీ. "ఒట్టు. నేను ఏటా చేసేది అదే బొమ్మ అనుకున్నా."

"చేసిన చేతులకి తెలియకుండా ఎలా ఉంటుందండీ? నేను కూర చేస్తే ఉప్పు వేశానో లేదో నాకు తెలియదూ?"

ఆమె తేల్చిచెప్పేసింది. ఇక ఆ గదిలో కాలు పెట్టేది లేదు, పుల్లలు అందించేది లేదు.

అప్పటికే మైనం పోసి అచ్చు విప్పి ఉంది. సభ దగ్గర పడుతోంది. వదిన అన్నయ్యకు ఫోను చేసింది. మొగుడికి బుద్ధి చెప్పించాలని ఆమె ఉద్దేశం.

ఆ అన్నయ్య డ్రైవింగు స్కూలు నడుపుతాడు. మనిషి ఏనుగు గున్న. మెడ ఉండాల్సిన చోట నేరుగా భుజాలే మొదలవుతాయి. మీసం మాత్రం చక్కగా పైకి తిప్పి ఉంటుంది. కొత్తవాళ్ళకి కారు నేర్పించి నేర్పించి, ఎక్కడ కూర్చున్నా కుడికాలు లేని బ్రేకును తొక్కుతూ ఉంటుంది. ఎదుటివాళ్ళు మాటల్లో జోరు పెంచితే ఇంకా గట్టిగా తొక్కుతాడు.

చెల్లెలు చెప్పిందంతా విని, "చూడమ్మా, సంసారంలో కూడా క్లచ్చు నొక్కకుండా గేరు మార్చకూడదు," అన్నాడు.

"అంటే ఏం చెయ్యమంటావు?"

"నువ్వేం చెయ్యొద్దు. బావతో నేను మాట్లాడతా."

అలా అని పనిగదిలోకి పోయాడు. తలుపు మూశాడు. శిల్పికి కావలసింది బుద్ధి చెప్పేవాడు కాదు, పుల్ల అందించేవాడు. ఆయన్ని వదిన కూర్చునే చోట కూర్చోబెట్టి చేతికో ఇనపపుల్ల ఇచ్చాడు. ఆ రోజు, మర్నాడు, ఆ మర్నాడు కూడా లోపల్నుంచి అన్నయ్య గొంతే ఎక్కువగా వినబడుతూ వచ్చింది. వదిన వంటింట్లో పని చేసుకుంటూ ఒక చెవి అటే వేసి ఉంచింది.

"బావా, ఆడవాళ్ళతో ఎప్పుడూ రివర్సులో వెళ్ళకూడదు."

"ఊ."

"నువ్వు తప్పు చేశావని నేననడం లేదు. చెయ్యలేదనీ అనడం లేదు. నేను మధ్య లైన్లో ఉన్నా."

"పుల్ల."

"ఇదుగో. కాలుతోంది జాగ్రత్త. నా మాట విని ఒక్కసారి సారీ చెప్పెయ్."

"చెయ్యనిదానికి చెబితే చేశాననుకోదూ?"

"అదీ నిజమే బావా. ఇదేదో ట్రాఫిక్ జామే."

మూడోనాడు పోత మేస్త్రి వచ్చాడు. బట్టీ పెట్టి కంచు కరిగించేది ఆయనే, ఏటా మైనం బొమ్మను తువ్వాలులో చుట్టి చంటిబిడ్డలా తీసుకుపోతాడు. పనిగది తలుపు తీసి లోపలికి వెళ్ళాడు. తర్వాత ఆయన గొంతు వినబడింది.

"ఈసారి బహుమతి మల్లయోధులకా?"

వదిన చేతిలో గరిటె అలాగే పట్టుకుని గడప దాకా వచ్చింది. లోపలికి రానని శపథం పట్టింది కాబట్టి గడప ఇవతలే నిలబడి మెడ చాచి చూసింది.

బల్ల మీద మైనం బొమ్మ. జుట్టు ఎగురుతూనే ఉంది. చేతిలో కర్ర ఉంది. కానీ మెడ లేదు. తల తిన్నగా భుజాల మీద కూర్చుంది. పొట్ట ముందుకి పరుగెడుతుంటే మిగతా మనిషి దాని వెనకాల వస్తున్నట్టుంది. పై పెదవి మీద రెండు వైపులా సన్నటి మైనం తీగ పైకి తిరిగి ఉంది. అన్నిటికంటే ఘోరం, గాల్లోకి లేవాల్సిన వెనక కాలు మడమ బిగించి దేన్నో గట్టిగా తొక్కుతోంది.

"అన్నయ్యా," అంది వదిన. "లేచి ఆ బల్ల పక్కన నిలబడు."

"ఎందుకు?"

"నిలబడమంటున్నానా."

ఆయన నిలబడ్డాడు. పోత మేస్త్రి బొమ్మనూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అన్నయ్య కిందికి వంగి చూసి, తన మీసం తడుముకున్నాడు. "నేను ఇంత లావుగా ఉంటానా?" అన్నాడు.

వదిన వాళ్ళెవర్నీ చూడటం లేదు. శిల్పినే చూస్తోంది. అతను బొమ్మను చూశాడు, అన్నయ్యను చూశాడు, మళ్ళీ బొమ్మను చూశాడు. నెత్తిన పిడుగు పడినవాడిలా నోరు తెరుచుకుని, తన రెండు చేతులూ ముందుకు చాచి, ఎవరో పరాయివాళ్ళ చేతుల్ని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆ మొహం నటనకు అందేది కాదు. నటించడానికి పట్టే ఓపిక కూడా ఆ మనిషికి లేదని ఆమెకు తెలుసు. పుల్ల కోసం తలెత్తిన ప్రతిసారీ ఎదురుగా ఏది కనబడితే అది, మధ్యలో అతన్ని అడక్కుండానే, కళ్ళలోంచి వేళ్ళలోకి జారిపోయింది. ఇన్నేళ్ళూ జరిగింది అదే.

"నిజంగానే తెలీదా మీకు," అంది.

"చెప్పాగా," అన్నాడు అతను, నీరసంగా.

వదినకు నవ్వొచ్చింది. డాక్టరు ఇంటి నుంచి వచ్చాక మొదటిసారి. గరిటె ఊడి కిందపడేంత నవ్వొచ్చింది. గడప దాటి లోపలికొచ్చి, బొమ్మ మీసం వేలితో ముట్టుకుని, మళ్ళీ నవ్వింది. అన్నయ్య కాస్త చిన్నబుచ్చుకున్నాడు కానీ, వెళ్ళేటప్పుడు ఆ మైనం బొమ్మను తనకిచ్చెయ్యమని అడిగి చంకలో పెట్టుకుపోయాడు. స్కూల్లో బల్ల మీద పెట్టుకున్నాడట. ఈ సంగతి పళ్ళ డాక్టరు చెవిన పడ్డాక ఆయనకి కంటిమీద కునుకు లేదు. అన్నయ్య ససేమిరా ఇవ్వనన్నాడు. ఇప్పుడు డాక్టరు ఆ స్కూల్లో డ్రైవింగు నేర్చుకుంటున్నాడు. ఆయనకి కారు లేదు.

అది తర్వాతి ముచ్చట. పోత మేస్త్రి ఆ పూట తొందరపెట్టాడు. "నవ్వుకున్నది చాలు. రేపు సాయంత్రానికి ఇంకో మైనం నా చేతిలో పడాలి. బట్టీ ఎవరి కోసమూ ఆగదు."

అచ్చులో మళ్ళీ మైనం పోశారు. మర్నాడు పొద్దున్నే వదిన తన చోట తను కూర్చుంది. తలుపు మూసింది. దీపం వెలిగించి పుల్లలు కాచింది. గొడవ తీరిపోయిందనే అనుకుంది. తీరలేదు.

ఇప్పుడు శిల్పికి తెలిసిపోయింది. తెలిశాక చేతులు మాట వినడం మానేశాయి. పుల్ల కోసం తలెత్తితే వదిన కనబడుతుంది, కనబడగానే ఉలిక్కిపడి కళ్ళు పక్కకు తిప్పుకుంటాడు. పుల్ల పట్టుకోబోయి దీపం పట్టుకున్నాడు. వదిన కూడా తక్కువ తినలేదు. నిటారుగా కూర్చుని, గడ్డం పైకెత్తి, పొట్ట లోపలికి పీల్చి ఊపిరి బిగబట్టింది. అలా ఎంతసేపు ఉండగలదు? కాసేపటికి మొహం కందగడ్డలా అయింది.

"ఊపిరి తీసుకో," అన్నాడు శిల్పి.

"మీరు ఇటు చూడకండి, తీసుకుంటా."

అతను గోడవైపు తిరిగి పని మొదలుపెట్టాడు. పుల్లలు వీపు వెనక నుంచి అందుకున్నాడు. మధ్యాహ్నం దాటాక ఇటు తిరిగి, పరీక్ష రాసిన కుర్రాడిలా బొమ్మను ఆమె ముందు పెట్టాడు.

సన్నటి నడుము. కొరడాలాంటి చేతులు. ఒక్కటే గడ్డం. డాక్టరు బీరువాలో ఎడమ చివర నిలబడ్డ మొదటి బొమ్మకు అక్కచెల్లెలు.

వదిన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఎవరు ఇది?"

"నువ్వే."

"నేనెక్కడ ఉన్నాను ఇందులో? ఎవర్తె ఇది?"

"మొదట్లో ఎలా ఉన్నావో అలా చేశానే. నువ్వు బాధపడ్డావని."

"నాకీవిడ తెలీదు," అంది వదిన. "ఇద్దరు పిల్లల్ని ఈవిడ కన్నదా? మీ అమ్మకి మూడేళ్ళు మంచం దగ్గర చాకిరీ ఈవిడ చేసిందా? ఇంతకాలం నన్ను చూస్తూ తెలియకుండా చేశారు, అయినా అందులో నేనున్నాను. ఇవాళ గోడను చూస్తూ తెలిసి తెలిసి అబద్ధం చేశారు."

శిల్పి తల గోక్కున్నాడు. "లావుగా చేస్తే ఎగతాళి అంటావు. సన్నగా చేస్తే అబద్ధం అంటావు. నన్నేం చెయ్యమంటావు?"

"నా నడుము నాకిచ్చెయ్యండి."

అంతటితో ఊరుకోలేదు. దీపం పక్కన గిన్నెలో మెత్తబడ్డ మైనం ఉంది. అందులోంచి ఒక ముద్ద తీసుకుని, వేళ్ళతో చపట చేసి, బొమ్మ నడుముకు ఎడమవైపు అద్దింది. ఇంకో ముద్ద కుడివైపు. ఆమె మైనాన్ని చేత్తో పట్టడం అదే మొదలు. వేలిముద్రలు పడ్డాయి.

"అంత లేదు," అన్నాడు శిల్పి.

"ఉంది. మోసేది నేను, నాకు తెలీదా?"

"కొంచెం ఎక్కువైంది అంటున్నా."

"ఉండనివ్వండి. వచ్చే ఏడాదికి సరిపోతుంది."

శిల్పి నవ్వాడు. నవ్వి, వేడి పుల్ల కోసం చెయ్యి చాచాడు. ఈసారి గోడవైపు తిరగలేదు. తలెత్తి ఆమెను చూశాడు, గోడకు చేరగిలబడి కాళ్ళు బారజాపుకున్న మనిషిని, తీరుబడిగా చూశాడు. వదిన పొట్ట వదిలేసి హాయిగా ఊపిరి తీసుకుని, అన్నయ్య వచ్చిన దగ్గర్నుంచి చెప్పకుండా దాచిపెట్టుకున్న కబుర్లన్నీ మొదలుపెట్టింది. గడ్డం కింద రెండో గడ్డం వచ్చింది. భుజాలు నిండాయి. పోత మేస్త్రి వచ్చేసరికి బొమ్మ సిద్ధం. ఆయన ఒక్కసారి చూసి, "వదినగారు లోపలికి వచ్చారన్నమాట," అని తువ్వాలులో చుట్టుకుపోయాడు.

సభ రోజున హాలు కిటకిటలాడింది. గోడ పొడుగునా బల్లలు వేసి, తెల్లగుడ్డ పరిచి, బొమ్మల్ని ఏళ్ళ వరసన నిలబెట్టారు. ఎదురింటి దర్జీ ఆవిడ వీధి ఆడవాళ్ళనందరినీ వెంటేసుకుని వచ్చింది. ఆమె ఎడమ చివర నుంచి నడుచుకుంటూ వచ్చి, కుడి చివర ఆగి, వదిన వైపు చూసి, ఏదో అనబోయి మింగేసింది. ఆమె వెనక ఇద్దరు మోచేతులతో పొడుచుకున్నారు. వదిన భయపడ్డ ఘడియ ఇదే.

"ఏమిటక్కా, లోపలే దాచుకుంటే కడుపునొప్పి వస్తుంది," అంది వదిన.

"ఏం లేదు వదినా. మరి... ఇవన్నీ నువ్వేనా?"

"నేనే. రండి చూపిస్తా." చీర కొంగు దోపుకుని వదినే ముందు నడిచింది. "ఇది మా పెద్దాడు కడుపులో ఉన్నప్పటిది. ఇది వాడు పుట్టాక, చూడు, దిగనే లేదు. ఇదేమో నాకు టైఫాయిడు వచ్చిన ఏడు, అందుకే మధ్యలో ఒక్కర్తి చిక్కిపోయి ఉంది. పాపం, ఒక్క ఏడే."

"నా దగ్గర కుట్టించుకున్న జాకెట్లన్నీ గుర్తొస్తున్నాయి వదినా," అంది దర్జీ ఆవిడ. "ఇదుగో, ఇక్కడే నువ్వు నాతో పోట్లాడింది, జాకెట్టు బిగుతుగా కుట్టానని."

"తప్పు నీదనే ఇప్పటికీ అంటాను."

ఆడవాళ్ళందరూ నవ్వారు. వదిన కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. పళ్ళ డాక్టరు వాళ్ళ వెనకాలే తిరుగుతూ ఏ మాటా పోనివ్వకుండా వింటున్నాడు. శిల్పి దూరంగా ఒక స్తంభం చాటున నిలబడి, తన చేతులు జేబుల్లో పెట్టుకుని ఉన్నాడు, అవి మళ్ళీ ఏం చేస్తాయోనన్నట్టు.

బహుమతి ఆ ఏడు ఒక అమ్మాయికి వచ్చింది. పుల్లలా ఉంది, గాలికి ఎగిరిపోయేలా ఉంది. పేరు పిలవగానే వేదిక మీదికి ఒక్క అంగలో ఎక్కేసింది కానీ, దిగేటప్పుడు మాత్రం బొమ్మను రెండు చేతులా గుండెకు హత్తుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగింది. చేసినవాళ్ళకు కృతజ్ఞత చెప్పమని ఎవరో పంపితే నేరుగా వదిన దగ్గరికి వచ్చింది.

"చాలా బాగుందండీ. కానీ ఎంత బరువుందో. కాళ్ళు పట్టుకుంటే తల వాలిపోతోంది, చెయ్యి పట్టుకుంటే విరుగుతుందేమోనని భయమేస్తోంది. ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదు."

"నడుం దగ్గర పట్టుకోమ్మా," అంది వదిన. "అక్కడైతే జారదు."

— పేరిందేవమ్మ, డెబ్బై రెండేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది చిన్నమ్మాయి ఇంట్లో, మేడమెట్ల పక్క గదిలో.